అభివృద్ధిపరమైన వైకల్యం ఉన్నవారి కుటుంబాలకు సహాయ సేవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నలన్నీ తల్లిదండ్రులు, తోబుట్టువులు, అమ్మమ్మలు, తాతయ్యలు మమ్మల్ని అడిగినవే. వచ్చినవారిలో చాలామంది ముందుగా "మా ఇబ్బందులు చెప్పుకోవడానికి రాలేదండీ, బాబు సంగతి అడుగుదామని వచ్చాం" అంటారు. ఆ రెండూ వేరువేరు విషయాలు కావని మా నమ్మకం. రాత్రంతా మేలుకునే తల్లి నిద్ర కూడా బాబు సంగతిలో భాగమే. ఈ జవాబులన్నీ ఆ దృష్టితోనే రాశాము.

అభివృద్ధిపరమైన వైకల్యం అంటే ఏయే పరిస్థితులు?

గర్భంలోగాని, పుట్టుక సమయంలోగాని, బాల్యంలోగాని మొదలై, నేర్చుకోవడం, మాట, కదలిక, నలుగురితో మెలగడం వంటి వాటిపై చాలావరకు జీవితాంతం ప్రభావం చూపే పరిస్థితులను కలిపి ఈ పేరుతో పిలుస్తారు. మేధోపరమైన వైకల్యం, ఆటిజం (నలుగురితో మెలగడం, సంభాషణ కష్టమయ్యే స్థితి), సెరిబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కదలిక కష్టమయ్యే స్థితి), డౌన్ సిండ్రోమ్ తరచుగా వినిపించేవి. పాత కాగితాల్లో "బుద్ధిమాంద్యం" అనే మాట ఇంకా కనిపిస్తుంది. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు ఆ అర్థంలోని పాత పేరును పక్కన పెట్టింది.

సేవల కోసం వెళ్లినప్పుడు పేరుకన్నా అవసరమే ముఖ్యమవుతుంది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో విడుదల చేసిన నిర్ధారణ గ్రంథం కూడా మేధోపరమైన వైకల్యం తీవ్రతను ఐక్యూ (తెలివితేటల పరీక్షలో వచ్చే) అంకెతో కాక, రోజువారీ జీవితంలో ఎంత సహాయం కావాలన్నదానితో నిర్ణయించమంటుంది. కాబట్టి దరఖాస్తులో "ఐక్యూ 48" అని మాత్రమే రాసి ఊరుకోకండి. "బట్టలు తానే వేసుకుంటాడు, బొత్తాలు పెట్టుకోలేడు, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి" అని కూడా రాయండి. అధికారికి మీ ఇల్లు కనబడేది ఆ వాక్యంలోనే.

మా వల్లనే ఇలా అయిందా?

కాదు. ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. గత శతాబ్దం మధ్యకాలంలో, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే పిల్లలకు ఆటిజం వస్తుందని పేరున్న వైద్యులే రాశారు. ఆ మాటను నమ్మి తమను తాము నిందించుకుంటూ బతికిన తల్లులు ఎందరో. ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి కూడా అయిన మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లో ఆ వాదాన్ని సాక్ష్యాలతో ఖండించి, మూలం శరీరంలో, మెదడులో వెతకాలని చెప్పారు. డౌన్ సిండ్రోమ్‌కు 21వ క్రోమోజోము అదనంగా ఉండటమే కారణమని 1959లోనే తేలింది. టీకాలకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని, ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. గర్భవతిగా ఉన్నప్పుడు ఏం తిన్నారు, ఎక్కడికి వెళ్లారు, ఎవరితో గొడవపడ్డారు అని బంధువులు చేసే విచారణకు మీరు జవాబు చెప్పుకోవలసిన అవసరం లేదు.

నిర్ధారణ ఇప్పుడే తెలిసింది. ముందుగా ఏం చేయాలి?

మొట్టమొదట వినికిడి, చూపు పరీక్షలు చేయించండి. పిలిస్తే పలకని పిల్లవాడిలో వినికిడి లోపం ఉందో లేదో తెలియకుండా మాట నేర్పే పని మొదలుపెడితే నెలలు వృథా అవుతాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది కాబట్టి, పైకి ఆరోగ్యంగా కనిపించినా గుండెకు స్కానింగ్ తప్పనిసరి. థైరాయిడ్ పరీక్షను కూడా ఏటా చేయించాలి. సెరిబ్రల్ పాల్సీ ఉంటే తుంటి కీళ్లు పక్కకు జరుగుతున్నాయేమో ఎక్స్‌రేతో గమనిస్తూ ఉండాలి. ఈ మార్పు నొప్పి లేకుండానే మొదలవుతుంది.

రెండవది, పేరు ఖరారయ్యే వరకు ఆగకండి. ఎదుగుదలలో ఆలస్యం కనిపించిన రోజు నుంచే ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే శిక్షణ), స్పీచ్ థెరపీ వంటి సేవలు అడగవచ్చు. "కొంతమందికి మాట ఆలస్యంగా వస్తుంది, చూద్దాం" అన్న సలహా ప్రేమతో చెప్పిందే కావచ్చు. కానీ చూస్తూ చూస్తూ పోయే కాలం తిరిగిరాదు.

మూడవది, మీలాంటి మరొక కుటుంబాన్ని కలవండి. డాక్టరు చెప్పగలిగేది చాలా ఉంటుంది. అయితే మొదటి ఏడాది రాత్రుళ్లు ఎలా గడుస్తాయో, బంధువుల ఇంట్లో శుభకార్యానికి ఎలా వెళ్లివచ్చారో చెప్పగలిగేది ఆ దారిన నడిచినవారే. తల్లిదండ్రుల బృందాలను పరిచయం చేయడమే పనిగా పెట్టుకున్న సంస్థలు చాలాచోట్ల ఉన్నాయి. అడగండి.

థెరపీ గంటలు ఎంత ఎక్కువైతే అంత మంచిదా?

అలా అనుకోవడం సహజమే గానీ, గంటల లెక్క ఒక్కటే ఏమీ చెప్పదు. వారానికి రెండుసార్లు ముప్పావుగంట సేపు తలుపు మూసిన గదిలో జరిగే థెరపీ ఎంత మంచిదైనా, మిగిలిన వారమంతా పిల్లవాడు ఉండేది ఇంట్లోనే. స్నానం, బట్టలు, భోజనం, పడక వంటి రోజూ జరిగే పనుల్లోనే నేర్పడం ఎలాగో కుటుంబానికి చూపించే థెరపిస్టు ఎక్కువ మేలు చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ల పిల్లల సంరక్షకుల కోసం రూపొందించిన శిక్షణ సరిగ్గా ఇలాంటిదే: 9 బృంద సమావేశాలు, 3 ఇంటి సందర్శనలు, వాటిలో ఆట, ఇంటి పనుల ద్వారా సంభాషణ పెంచే పద్ధతులు, చూసుకునేవారి మనశ్శాంతికి సంబంధించిన పాఠాలు ఉంటాయి. నిపుణుడు కాని వ్యక్తి కూడా శిక్షణ పొంది దాన్ని నడపవచ్చు.

ఒక హెచ్చరిక. ఇంట్లో తల్లిని పూర్తికాలపు థెరపిస్టుగా మార్చేసే ప్రణాళికను ఒప్పుకోకండి. పిల్లవాడికి ఏ పనీ నేర్పకుండా ఒళ్లో కూర్చోబెట్టుకునే అమ్మ కూడా ఉండాలి.

ఇంకొక హెచ్చరిక, మరింత గట్టిగా: "పూర్తిగా నయం చేస్తాం" అని మాట ఇచ్చేవారికి దూరంగా ఉండండి. రక్తంలోని లోహాలను తీసేస్తామంటూ ఆటిజానికి చేసే కిలేషన్ వల్ల 2005లో అమెరికాలో ఒక ఐదేళ్ల బాబు ప్రాణమే పోయింది. బట్టలకు వాడే బ్లీచింగ్ రకం ద్రవాలను తాగించే ప్రచారం కూడా జరిగింది. అది విషం.

మాటలు రాని పాపకు బొమ్మల కార్డులు ఇస్తే ఇక మాట్లాడటం మానేస్తుందా?

మానేయదు. బొమ్మలు, సైగలు, ట్యాబ్లెట్ వంటివి మాటను అడ్డుకోవని, కొందరిలో మాట పెరగడానికి కూడా తోడ్పడతాయని పరిశోధనలు చూపాయి. బొమ్మను చేతికిచ్చి కావలసింది అడిగే ఒక పద్ధతి 1985 నుంచి వాడుకలో ఉంది. నీళ్ల బొమ్మ ఇస్తే నీళ్లు వస్తాయని తెలిసిన పాపకు, ఏడవడం తప్ప మరో దారి దొరికినట్టే. అయితే వేరొకరు చెయ్యి పట్టుకుని అక్షరాలు నొక్కించే పద్ధతిలో వచ్చే మాటలు చెయ్యి పట్టుకున్నవారివేనని పరీక్షల్లో తేలింది. దాన్ని వాడకండి.

"రెస్పైట్" అంటే ఏమిటి? మా బిడ్డను వేరేవాళ్లకు అప్పగించడం తప్పు కాదా?

నిత్యం చూసుకునేవారికి కొంతసేపు విశ్రాంతి దొరికేలా, ఆ సమయంలో శిక్షణ ఉన్న మరొకరు సంరక్షణ తీసుకోవడమే రెస్పైట్. అది మీ ఇంటికే ఒక మనిషి వచ్చి మూడు గంటలు ఉండటం కావచ్చు, పగటిపూట కేంద్రం కావచ్చు, రెండు రోజులు ఉండగలిగే వసతి కావచ్చు, తల్లికి ఆపరేషన్ అయినప్పుడు దొరికే అత్యవసర ఏర్పాటు కావచ్చు. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 28వ అధికరణం, పేదరికంలో ఉన్న కుటుంబాలకు ప్రభుత్వం అందించవలసిన సహాయంలో శిక్షణ, కౌన్సెలింగ్, ఆర్థిక సాయంతో పాటు రెస్పైట్‌ను కూడా పేరు పెట్టి చెప్పింది. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదని చెప్పడానికే ఈ మాట ప్రస్తావిస్తున్నాము.

ఇక తప్పు అనే భావన గురించి. ఈ సేవను మొదటిసారి తీసుకున్న తల్లుల్లో చాలామంది ఆ మూడు గంటలూ పక్క వీధిలోనే ఫోను చేతిలో పట్టుకుని నిలబడతారు. ఫరవాలేదు, మొదటిసారి అలాగే ఉంటుంది. రెండోసారి గంటసేపు, నాలుగోసారి పూటంతా. కాలక్రమంలో బిడ్డకు కూడా ఇది మేలే చేస్తుంది. అమ్మ చేతి ముద్ద తప్ప మరొకరి చేతి ముద్ద తినని ముప్పయ్యేళ్ల మనిషికి, అమ్మ ఆసుపత్రి పాలైన రోజున ఎదురయ్యే కష్టాన్ని మేము దగ్గరగా చూశాము. మరొకరిని నమ్మడం అతడు నేర్చుకోవలసిన పాఠాల్లో ఒకటి.

కొత్తగా వచ్చే మనిషికి ఒక కాగితం రాసి ఇవ్వండి. మాకు బాగా గుర్తుండిపోయిన కాగితం ఒక తల్లి నోటుపుస్తకంలోంచి చింపి ఇచ్చినది: "దాహమైతే గ్లాసు బోర్లిస్తాడు. నీళ్లు సగమే పోయండి, నిండా పోస్తే ఒలకబోస్తాడు. మిక్సీ శబ్దం వస్తే చెవులు మూసుకుంటాడు, అప్పుడు ముట్టుకోవద్దు, పక్కన కూర్చోండి చాలు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, గడియారం చూడండి, 5 నిమిషాలు దాటితే ఆంబులెన్సు. నవ్వితే నవ్వండి." నలభై పేజీల వైద్య నివేదికలో ఇందులో సగం కూడా లేదు.

ఉన్నట్టుండి కొడుతున్నాడు, తల గోడకేసి బాదుకుంటున్నాడు. మందులు వాడాలా?

ముందుగా నొప్పి కోసం వెతకండి. పిప్పిపన్ను, చెవిపోటు, మలబద్ధకం, కడుపులో మంట, ఆడపిల్లల్లో నెలసరి నొప్పి వంటివి నోటితో చెప్పలేనివారిలో ఇలాగే బయటపడతాయి. "ఆటిజం అంటే అంతేనండీ" అని పంపేసే డాక్టరును, దంతాలు, చెవులు, పొట్ట చూడమని మర్యాదగానే గాని పట్టుబట్టి అడగండి.

నొప్పి ఏదీ లేదని తేలాక రెండు వారాల పాటు ఒక పట్టీ రాయండి: అంతకుముందు ఏం జరిగింది, తాను ఏం చేశాడు, ఆ తరువాత మీరేం చేశారు. కోపంలో ఉన్నప్పుడు రాయలేరు, ఆ రాత్రి రాసినా చాలు. అతడు తల బాదుకున్న ప్రతిసారీ కష్టమైన పని ఆగిపోతోందని ఆ పట్టీలో కనబడితే, "ఇక చాలు" అని చెప్పడానికి అతడికి ఒక సైగ నేర్పాలని అర్థం. ప్రవర్తన నిపుణులు చేసే పని మొదలయ్యేది ఇక్కడే. మందులు కొన్ని పరిస్థితుల్లో ఉపయోగపడతాయి. కానీ ఎందుకు ఇస్తున్నారో, ఏ మార్పు కోసం చూస్తున్నారో, ఎప్పుడు మళ్లీ సమీక్షిస్తారో చెప్పకుండా రాసిన చీటీని అంగీకరించకండి.

మిగతా పిల్లల సంగతేమిటి?

వాళ్లకు నిజం చెప్పండి, వాళ్ల వయసుకు తగిన మాటల్లో. అన్నకు ఏమైందో ఎవరూ చెప్పకపోతే, అది తనకూ అంటుకుంటుందనో, తానే కారణమనో ఆరేళ్ల చెల్లెలు ఊహించుకుంటుంది. వారంలో ఒక గంట ఆమెకే కేటాయించండి. ఆ గంటలో అన్న ప్రస్తావన వద్దు. తోబుట్టువుల కోసమే నడిచే బృందాలు ఉంటే చేర్పించండి. సిగ్గుగా అనిపించే మాటలు వాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకోగలుగుతారు.

బడిలో చేర్చుకోము అంటున్నారు. ఏం చేయాలి?

కారణాన్ని కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 24వ అధికరణం అందరితో కలిసి చదివే హక్కును గుర్తించింది, అనేక దేశాల చట్టాలు కూడా అదే చెబుతున్నాయి. చేర్చుకున్న తరువాత, ఏడాదిలో ఏమేం నేర్పుతారో, అందుకు ఏ సహాయం ఇస్తారో రాసిన వ్యక్తిగత విద్యా ప్రణాళిక అడగండి. వెనుక బల్ల మీద ఊరికే కూర్చోబెట్టడాన్ని చేర్చుకోవడమని అనలేము.

పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయి. సంరక్షకత్వం కోసం కోర్టుకు వెళ్లాలా?

చాలా దేశాల్లో 18 నిండిన రోజు నుంచి తల్లిదండ్రులకు ఆ వ్యక్తి తరఫున సంతకం చేసే అధికారం దానంతటదే ఉండదు. బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఈ సంగతి హఠాత్తుగా తెలిసి కుటుంబాలు కంగారుపడతాయి. వెంటనే ఎవరో ఒకరు పూర్తి సంరక్షకత్వం తీసుకోమంటారు. ఆ ఒక్క దారే ఉందని అనుకోవద్దు.

సంరక్షకత్వం అంటే, నిర్ణయాధికారం ఒకరి నుంచి మరొకరికి మారడం. ఒకసారి పోయిన అధికారాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం. ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 12వ అధికరణం వికలాంగులకు ఇతరులతో సమానమైన చట్టపరమైన హోదా ఉందని చెప్పి, నిర్ణయాలు తీసుకోవడానికి సహాయం అందించమంది. స్వీడన్ 1989లోనే, పెద్దవారిని నిర్ణయాధికారం లేనివారిగా ప్రకటించే పద్ధతిని రద్దు చేసింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 1996లో, వైకల్యం ఉన్న వ్యక్తి నమ్మకమైనవారిని తనకు సహాయకులుగా ఎంచుకునే ఒప్పందాలకు చట్టం చేసింది. పెరూ 2018లో, వైకల్యం కారణంగా సంరక్షకులను నియమించే విధానాన్ని తొలగించింది. భారతదేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పెద్దవారికి స్థానిక కమిటీ సంరక్షకులను నియమించవచ్చు.

మా సలహా ఏమిటంటే, అవసరమైన పనికి అవసరమైనంత అధికారమే అడగండి. బ్యాంకు ఖాతాకు ఉమ్మడి ఏర్పాటు సరిపోతుందా, వైద్య నిర్ణయాలకు ప్రతినిధి పత్రం సరిపోతుందా అని ముందు చూడండి. ఈలోగా చిన్న నిర్ణయాలను ఆయన చేతికి ఇవ్వండి. ఏ చొక్కా, ఏ కుర్చీ, ఎవరితో బయటకు వెళ్లాలి. ఇరవయ్యేళ్లపాటు ఎవరూ ఏదీ అడగని మనిషిని ఒక్కసారిగా "నీకేం కావాలి" అని అడిగితే సమాధానం రాదు. దాన్ని చేతకానితనంగా చూడకండి, అలవాటు లేదంతే.

మా తరువాత వీడిని ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్న అడగని కుటుంబం లేదు. దీన్ని వాయిదా వేయని కుటుంబాలు మాత్రం తక్కువ. 1980ల ఆరంభంలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుష్షు అమెరికాలో సుమారు 25 ఏళ్లు. ఇప్పుడు అది దాదాపు 60. అది ఎంతో సంతోషించవలసిన మార్పు. అదే సమయంలో, తల్లిదండ్రుల తరువాత కూడా చాలా ఏళ్లు బతికే మొదటి తరం ఇదే కాబట్టి, ఎలా చేయాలో పెద్దలనడిగి తెలుసుకునే వీలు లేదు. వీరిలో అల్జీమర్స్ కూడా మిగతావారికన్నా ముందుగా, తరచు యాభైలలోనే కనిపిస్తుంది. బిడ్డ మతిమరుపును డెబ్బై దాటిన తల్లి ఒంటరిగా ఎదుర్కొనే రోజు రాకూడదంటే, ప్రణాళిక ముందే ఉండాలి.

డబ్బు విషయంలో, వీలునామాలో నేరుగా పేరు రాస్తే కొన్నిచోట్ల ప్రభుత్వ పింఛను ఆగిపోవచ్చు. ట్రస్టు (బిడ్డ కోసం ఆస్తిని నమ్మకమైనవారు చూసుకునే ఏర్పాటు) పెట్టడానికి ఈ రంగం తెలిసిన న్యాయవాదిని సంప్రదించండి. వీలునామాతో పాటు ఒక ఉత్తరం రాసి పెట్టండి. చట్టపరంగా దానికి బలం ఉండదు, కానీ మీ తరువాత వచ్చేవారు ముందుగా తెరిచేది దాన్నే. పైన చెప్పిన ఆ నోటుపుస్తకం కాగితమే పెద్దదై ఉత్తరమవుతుంది.

నివాసం విషయంలో, మీరు ఉండగానే మొదలుపెట్టండి. నెలకు ఒక రాత్రి, తరువాత వారానికి ఒక రాత్రి. తల్లి పోయిన మరునాడే కొత్త ఇల్లు, కొత్త మంచం, కొత్త ముఖాలు ఒకేసారి ఎదురైతే ఆ మనిషి దుఃఖం ఎవరికీ అర్థం కాదు, దాన్ని "ప్రవర్తన సమస్య" అని రాసేస్తారు. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు చూసుకుంటారని మీరు అనుకుంటూ ఉంటే, ఆ మాట వారితోనే అనండి. చూసుకోగలిగినంత మేరకే వారిని చెప్పనివ్వండి. ఒకే ఇంట్లో ఉంచుకోలేనన్న తమ్ముడు, ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చే తమ్ముడు కావచ్చు.

ఒక కేంద్రం మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

చెప్పకుండా వెళ్లండి. "తల్లిదండ్రులు రావలసింది నెలలో మొదటి శనివారం మాత్రమే" అనే చోట చేర్చకండి. లోపలికి వెళ్లాక గోడల మీది బొమ్మలను కాదు, అక్కడి మనుషులను చూడండి: సిబ్బంది వారితో మాట్లాడుతున్నారా, వారి తలల మీదుగా తమలో తాము మాట్లాడుకుంటున్నారా? స్నానాల గదికి తలుపు ఉందా? కోపం వచ్చినవారిని ఏం చేస్తారని అడగండి. కట్టేయడం, గదిలో పెట్టి తాళం వేయడం, భోజనం ఆపడం అన్న జవాబు ఏ రూపంలో వచ్చినా అక్కడినుంచి వచ్చేయండి. చేర్చిన తరువాత శరీరం మీద కారణం తెలియని గాయం, ఒక మనిషిని చూడగానే బిగుసుకుపోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం వంటివి గమనిస్తే, నోటితో చెప్పలేనివారు ఫిర్యాదు చేసే తీరు అదేనని గుర్తుంచుకోండి.

సేవ కోసం పెట్టుకున్న దరఖాస్తును తిరస్కరించారు. ఇంకేమైనా చేయవచ్చా?

చేయవచ్చు. తిరస్కరణకు కారణాన్ని, ఏ నిబంధన ప్రకారమో లిఖితపూర్వకంగా ఇవ్వమని కోరండి. అప్పీలు గడువు ఎన్ని రోజులో ఆ రోజే తెలుసుకుని క్యాలెండరు మీద రాసుకోండి, ఎందుకంటే సరైన కారణం ఉండి కూడా గడువు దాటి ఓడిపోయిన కుటుంబాలే ఎక్కువ. ఫోనులో ఎవరితో మాట్లాడారో, ఏ తేదీన, ఏమన్నారో రాసి పెట్టుకోండి. అసలు పత్రాలను ఎవరి చేతికీ ఇవ్వకండి, నకళ్లే ఇవ్వండి. ఒంటరిగా వెళ్లకండి, మరొక కుటుంబం నుంచి ఎవరినైనా తోడు తీసుకెళ్లండి: ఒకరు మాట్లాడుతుంటే మరొకరు రాసుకోవచ్చు.